రద్దీ అడవిలో విల్లుతో ఎల్క్ వేట ఎలా చేయాలి

సెప్టెంబరులో సీజన్ మొదలయ్యే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాకు దక్షిణాన ఉన్న టింబర్ కంపెనీ గేటు దగ్గరకు వెళ్లి చూడండి. ఏడెనిమిది పికప్‌లు వరసగా ఆగి ఉంటాయి. హెడ్‌ల్యాంపుల వెలుగులో జనం సైకిళ్లు దింపుకుంటూ ఉంటారు. మొదటి ఏడాది ఆ వరస చూసి, ఇంతమంది మధ్య మనకేం దొరుకుతుందిలే అనుకుని నేను తిరిగి ఇంటికి వచ్చేశాను. మూడో ఏడాదికి గానీ అసలు సంగతి అర్థం కాలేదు. ఎల్క్‌లు, అంటే ఇక్కడి పెద్ద జింకలు, ఆ కొండ వదిలి ఎక్కడికీ పోవు. మనుషులు నడిచే దారుల నుంచి కాస్త పక్కకు జరుగుతాయి, అంతే. ఆ పక్క ఎక్కడో కనిపెట్టడమే ఈ వేటలో సగం పని.

సియాటెల్, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉంటూ, సరదాగా ఆర్చరీ మొదలుపెట్టి, ఇప్పుడు అడవికి వెళ్దామా అని ఆలోచిస్తున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను తిరిగింది పశ్చిమ వాషింగ్టన్ కాబట్టి ఇక్కడి లెక్కలే చెబుతాను. ఇక్కడ ఉండేవి రూజ్‌వెల్ట్ ఎల్క్‌లు. మన నల్లమలలో కనిపించే కణితికి దూరపు చుట్టాలే గానీ బాగా పెద్దవి. ఎదిగిన మగది 300 నుంచి 450 కిలోల దాకా తూగుతుంది. ఒకప్పుడు వీటిని కాపాడటం కోసమే థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఒలింపిక్ కొండల్లో జాతీయ స్మారక ప్రాంతం ప్రకటించాడు. 1938లో అదే ఒలింపిక్ నేషనల్ పార్క్ అయింది. పార్కు లోపల వేట నిషేధం, ఆ సరిహద్దు బాగా గుర్తుపెట్టుకోండి.

ముందు కాగితాలు

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణితిని వేటాడితే జైలే. ఇక్కడ లైసెన్సు పెట్టి, లెక్క పెట్టి అనుమతిస్తారు. ఆ లైసెన్సు డబ్బుతోనూ, మీరు కొనే విల్లు మీద వేసే 11 శాతం ఫెడరల్ పన్నుతోనూ వన్యప్రాణుల సంరక్షణ నడుస్తుంది. అందుకే నిబంధనల విషయంలో కొంచెం కూడా అటూ ఇటూ కావద్దు.

1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేస్తేనే లైసెన్సు ఇస్తారు. రాష్ట్రంలో 90 రోజులు వరసగా నివాసం ఉంటే రెసిడెంట్ ధరకు వస్తుంది, లేకపోతే ధర చాలా ఎక్కువ. ఎల్క్ ట్యాగ్ (ఒక ఎల్క్‌ను వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ) కొనేటప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాలి: తూర్పు వాషింగ్టనా పడమరా, ఆయుధం ఏది. ఆర్చరీ అని ఎంచుకుంటే సాధారణ సీజన్ సెప్టెంబరులో దాదాపు రెండు వారాలు ఉంటుంది. విల్లు లాగుడు బలం కనీసం 40 పౌండ్లు, బాణం మొన వెడల్పు కనీసం ఒక అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఉండాలి. క్రాస్‌బో, అంటే తుపాకీలా ట్రిగ్గర్ నొక్కే విల్లు, ఆర్చరీ కింద లెక్కకు రాదు.

పడమటి వైపు చాలా యూనిట్లలో (వేట కోసం రాష్ట్రం విడగొట్టిన ప్రాంతాల్లో) మగదాని కొమ్ముకు ఒక వైపున కనీసం 3 కొనలు ఉంటేనే వేటకు అర్హం. కొన అంటే కనీసం ఒక అంగుళం పొడవు. కొన్ని యూనిట్లలో ఆడదాన్ని కూడా వేటాడనిస్తారు. పక్కపక్క యూనిట్లకే వేరు వేరు రూల్స్ ఉంటాయి, ఏటా మారతాయి కూడా. వేటకు వెళ్లే యూనిట్ పేజీ ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు.

భూమి ఎవరిదో తెలుసుకోండి

1864లో నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు ప్రభుత్వం చదరంగం గళ్లలా ఒక గడి విడిచి ఒక గడి భూమి ఇచ్చింది. ఒక్కో గడి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. 1900లో కలప వ్యాపారి ఫ్రెడరిక్ వేయర్‌హౌసర్ ఆ రైల్వే దగ్గర నుంచి 9 లక్షల ఎకరాలు కొన్నాడు. అందుకే ఇప్పటికీ కొన్నిచోట్ల మ్యాప్ తెరిస్తే కంపెనీ భూమి, రాష్ట్ర భూమి, నేషనల్ ఫారెస్టు పేకముక్కల్లా కలిసిపోయి కనిపిస్తాయి. ఏ భూమి ఎవరిదో చూపించే ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాప్ లేకుండా అడుగు పెట్టవద్దు. ఇంట్లో ఉండగానే ఆ ప్రాంతం మ్యాప్ ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి.

కంపెనీ భూముల్లోకి వెళ్లాలంటే చాలాచోట్ల పర్మిట్ కొనాలి. ఆయన పేరు మీదున్న వేయర్‌హౌసర్ కంపెనీకి వెయిల్, పీయెల్, సెయింట్ హెలెన్స్ లాంటి ప్రాంతాలు వేరు వేరుగా ఉంటాయి. గేటు తాళం తీసుకుని బండితో లోపలికి వెళ్లే పర్మిట్లు పరిమితం, ఖరీదు కూడా, అమ్మకం మొదలైన కాసేపటికే అయిపోతాయి. నడిచి వెళ్లే పర్మిట్ చవక. నా సలహా, మొదటి రెండేళ్లు నడిచే పర్మిటే తీసుకోండి. బండి ఉంటే బండి దిగబుద్ధి కాదు. మైళ్లకు మైళ్లు కంకర రోడ్ల మీద తిరిగి, సాయంత్రానికి అడవినంతా చూశామనుకుంటాం. నిజానికి చూసింది రోడ్డునే.

ఇంకో మాట. సెప్టెంబరంటే ఇక్కడ ఎండిన అడవి. అగ్ని ప్రమాదం పెరిగితే కంపెనీలు ఒక్క రోజులో గేట్లు మూసేస్తాయి, పర్మిట్ ఉన్నా లోపలికి రానివ్వరు. అందుకని రాష్ట్ర భూమిలోనో నేషనల్ ఫారెస్టులోనో రెండో చోటు ఒకటి ముందే చూసి పెట్టుకోండి. కాపిటల్ స్టేట్ ఫారెస్ట్, గిఫర్డ్ పిన్షో, ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్ ఇందుకు పనికొస్తాయి. రాష్ట్ర భూమిలో బండి ఆపడానికి డిస్కవర్ పాస్ కావాలి.

జనాన్ని చదవండి

ఎల్క్‌ల గురించి అందరూ చదువుతారు. మనుషుల గురించి చదివేవాళ్లు తక్కువ. ఆగస్టులో రెండు శనివారాలు విల్లు ఇంట్లో వదిలేసి కేవలం గేట్లు చూడటానికి వెళ్లండి. ఏ గేటు దగ్గర ఎక్కువ బళ్లు ఆగుతున్నాయి, సైకిల్ టైర్ల గుర్తులు ఎంత దూరం పోయాయి, ఎక్కడ ఆగిపోయాయి, అన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టండి. నాకు ప్రతి ఏడాదీ ఒకే బొమ్మ వచ్చింది. మంచి రోడ్డు ఉంటే సైకిల్ మీద ఐదారు మైళ్లు కూడా పోతారు. కానీ రోడ్డు వదిలి పక్కకు, కిందికి, చిక్కటి పొదల్లోకి పావు మైలు దిగేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. దిగిన తర్వాత మాంసం మోసుకుని ఎక్కాలి కదా అని అందరికీ భయం.

ఆ భయం ఉన్న చోటే మీకు పని. తూర్పు ఒరెగాన్‌లో లా గ్రాండ్ దగ్గర స్టార్కీ ప్రయోగాత్మక అడవిలో ఏళ్ల తరబడి ఎల్క్‌లకు కాలర్లు కట్టి గమనించారు. బళ్లు తిరిగే రోడ్లకు అవి దూరంగా జరుగుతాయని అక్కడ స్పష్టంగా తేలింది. మ్యాప్‌లో రెండు రోడ్ల మధ్య, రెండింటి నుంచీ కనీసం అర మైలు దూరం ఉండే ముక్కలు వెతకండి. అలాంటివి దొరకకపోతే దూరం వదిలేసి కష్టం వెతకండి. గేటు నుంచి 600 గజాలే అయినా, మధ్యలో నిలువు లోయ, వైన్ మేపుల్ చిక్కులు, డెవిల్స్ క్లబ్ ముళ్లు ఉంటే చాలు. నేను చూసిన పెద్ద మందల్లో ఒకటి, పాతిక మంది బళ్లు ఆపుకునే పార్కింగుకు అంత దగ్గర్లోనే పడుకుని ఉంది. పైన రోడ్డు మీద బండి తలుపులు వేస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. వాటికీ వినిపిస్తోంది, చెవులు అటు తిప్పి మళ్లీ నెమరు వేసుకుంటున్నాయి.

మేత, పడక, దారి

టింబర్ కంపెనీ అడవి పంట పొలం లాంటిది. కోసిన ముక్క, నాటిన ముక్క, ఎదిగిన ముక్క పక్కపక్కనే ఉంటాయి. కొత్తగా కోసిన క్లియర్‌కట్‌లో (చెట్లన్నీ కొట్టేసిన ముక్కలో) కలుపు మందు కొడతారు కాబట్టి మొదటి ఒకటి రెండేళ్లు మేత తక్కువ. ఆ తర్వాత కొన్నేళ్లు గడ్డి, పొదలు బాగా వస్తాయి, రాత్రిళ్లు మేతకు అక్కడికే దిగుతాయి. పదేళ్లు దాటి ఇరవై లోపు ఉన్న తోటను ఇక్కడివాళ్లు రీప్రాడ్ అంటారు. చెట్టుకూ చెట్టుకూ మధ్య చెయ్యి దూరదు. పగలు పడుకునేది అందులో. ఎదిగిన పాత చెట్ల కింద నడక సులువు, రెండింటి మధ్య దారిగా వాడుకుంటాయి.

క్లియర్‌కట్ అంచున కూర్చుని బైనాక్యులర్ పట్టుకోవడం అందరూ చేసే పని. సీజన్ మొదలైన మూడో రోజుకల్లా ఎల్క్‌లు పూర్తిగా వెలుగు వచ్చాక అక్కడ కనిపించడం మానేస్తాయి. మీరు ఉండాల్సింది రీప్రాడ్‌కూ మేతకూ మధ్య ఉన్న ఆ పాత చెట్ల ముక్కలో.

గుర్తులు చూడటం నేర్చుకోండి. పెంటికలు మెరుస్తూ మెత్తగా ఉంటే ఈ రోజువి. బురద గుంటలో నీళ్లు ఇంకా కలకగా ఉంటే మగది గంట లోపు పొర్లాడి పోయింది. కుర్ర చెట్టు బెరడు గీరుకుపోయి జిగురు కారుతుంటే కొమ్ములు రుద్దిన చోటు. అన్నిటికంటే నమ్మకమైనది ముక్కు. మంద దగ్గర్లో ఉంటే పశువుల కొట్టం వాసన, దాని మీద కొంచెం ఘాటైన మూత్రం వాసన వస్తాయి. ఆ వాసన మీకు వస్తోందంటే గాలి వాటి మీదుగా మీ వైపు వీస్తోందన్నమాట. అంతకంటే మంచి వార్త ఉండదు. అక్కడే ఆగి, పది నిమిషాలు కదలకుండా వినండి.

గాలివాటం

మిగతావన్నీ తప్పినా గాలి మాత్రం తప్పకూడదు. ఎల్క్ కళ్లను మోసం చేయొచ్చు, చెవికి సర్ది చెప్పొచ్చు. ముక్కు దగ్గర రెండో అవకాశం లేదు.

కొండల్లో గాలి ఒక పద్ధతి ప్రకారం తిరుగుతుంది. రాత్రంతా చల్లబడిన గాలి లోయలోకి దిగుతుంది, పొద్దున్న కూడా అలాగే దిగుతూ ఉంటుంది. వాలు మీద ఎండ పడ్డాక, సుమారు తొమ్మిది పది గంటలకు, పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. కాబట్టి పొద్దున్న కింది నుంచి పైకి వెళ్లాలి, మధ్యాహ్నం పై నుంచి చూడాలి. ప్రమాదం ఎప్పుడంటే గాలి మారే ఆ అరగంటలో. అప్పుడు అది ఎటూ తేలదు, సుడులు తిరుగుతుంది. ఆ అరగంట మందకు దూరంగా కూర్చుని టిఫిన్ చేయండి. నీడ వదలని వాగు గట్ల మీద మాత్రం మధ్యాహ్నం కూడా గాలి కిందికే జారుతుంటుంది, అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

గాలి చూసుకోవడానికి పౌడరు నింపిన చిన్న పిచికారీ సీసా అమ్ముతారు. దాన్ని పది అడుగులకోసారి నొక్కుతూ ఉండండి. పోయిన ఏడాది ఒక మగది నాకు 40 గజాల్లో ఫెర్న్‌ల మధ్య నిలబడి ఉంది. కొమ్ములు, వీపు మాత్రమే కనిపిస్తున్నాయి. సీసా నొక్కాను. తెల్లటి పొడి నా ముఖం ముందు ఒక్క క్షణం ఆగింది, ఎడమకు జరిగింది, తర్వాత నింపాదిగా దాని వైపే తేలుతూ పోయింది. నేను ఆ పొడిని చూస్తూ ఉన్నాను, అది తల ఎత్తింది. కొమ్మలు విరిగిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. సీసా రెండు నిమిషాల ముందు నొక్కి ఉంటే పక్కకు తిరిగి వెళ్లేవాడిని.

పిలవాలా, వద్దా

సెప్టెంబరు మగవాటికి ఎద కాలం. అవి ఈల వేసినట్టు, చివర గుర్రుమని ముగిసేలా అరుస్తాయి, దాన్నే బ్యూగిల్ అంటారు. ఆ అరుపును అనుకరించే గొట్టం ఊదాలని అందరికీ సరదా. రద్దీ భూమిలో మాత్రం ఊదకండి. మొదటి వారాంతం అయ్యేసరికి అక్కడి ఎల్క్‌లు పదిహేను రకాల బ్యూగిళ్లు విని ఉంటాయి. ఒకసారి మా బావమరిదీ నేనూ ఒక అరుపుకు బదులిస్తూ ముప్పావు గంట లోయ దిగాం. కింద ఫెర్న్‌ల వెనక కామో (అడవిలో కలిసిపోయే రంగుల) చొక్కా వేసుకున్న పెద్దాయన గొట్టం పట్టుకుని మా వైపే పాకుతూ వస్తున్నాడు. ఆయనకు మేము ఎల్క్, మాకు ఆయన ఎల్క్. అప్పటి నుంచి మా గొట్టం గ్యారేజీలోనే ఉంది.

దాని బదులు ఆడదాని పిలుపు, మెత్తగా, ఇరవై నిమిషాలకు ఒకటి రెండు సార్లు. ముఖ్యంగా కాలి కింద కొమ్మ విరిగినప్పుడు వెంటనే ఒక చిన్న మ్యూ అనిపించండి. మందలో ఎవరో నడుస్తున్నారులే అని సర్దుకుంటాయి. వేటగాళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట మగది అరవకుండా, చప్పుడు లేకుండా, గాలి వాసన పట్టుకుంటూ చుట్టూ తిరిగి వస్తుంది. పిలిచిన చోట కనీసం నలభై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. నేను పోగొట్టుకున్న అవకాశాల్లో ఎక్కువ భాగం అరగంటకు లేచి నిలబడటం వల్లే.

ఏ రోజు, ఏ వేళ

మొదటి శని, ఆదివారాలు వదిలేసినా నష్టం లేదు. సెలవులు పెట్టగలిగితే రెండో వారం మంగళ, బుధ, గురువారాలు పెట్టండి. జనం పలచబడతారు, ఎద వేడి పెరుగుతుంది. చాలామంది పది గంటలకు బండి దగ్గరకు వెళ్లిపోయి నాలుగింటికి తిరిగి వస్తారు. ఆ మధ్యలో అడవి ఖాళీ. పడుకున్నవి లేచి ఒకసారి నీళ్లు తాగి, బురద గుంటలో పొర్లి మళ్లీ పడుకునేది ఆ వేళల్లోనే. సన్నటి వాన పడితే ఇంకా మంచిది, ఎండుటాకుల చప్పుడు పోతుంది.

గేటు దగ్గర ముందే వచ్చినవాళ్లతో మాట్లాడండి. ఎటు వెళ్తున్నారని అడిగి, మీరు వేరే వైపు వెళ్లండి. ఒకరు మందను వెంబడిస్తుంటే మధ్యలో దూరడం ఇక్కడ పెద్ద తప్పు. నేను మర్యాదగా అడిగిన ఒక ముసలాయన, తనకు మోకాళ్లు సహకరించడం లేదని చెప్పి, ముప్పై ఏళ్లుగా వేటాడిన లోయ ఒకటి వేలితో చూపించాడు. కంపెనీ రోడ్ల మీద లాగింగ్ ట్రక్కులకు ఎప్పుడూ దారి వదలండి, గేటుకు అడ్డంగా బండి ఆపకండి. కొందరు చేసే చెత్త పనులకు ఆ భూమి అందరికీ మూసుకుపోతుంది.

బాణం వదిలే ముందు

ఈ దట్టమైన అడవిలో అవకాశం 15 నుంచి 30 గజాల్లో వస్తుంది. రేంజిలో 60 గజాలు కొట్టగలగడం వేరు, గుండె దడదడలాడుతుంటే, చెప్పులు జారే వాలు మీద, ఒంటి మోకాలి మీద కొట్టడం వేరు. జూన్ నుంచే మోకాలి మీద, కూర్చుని, కామో జాకెట్ వేసుకుని సాధన చేయండి. రోజూ పొద్దున్న ఒకే ఒక్క బాణం, కాఫీ తాగకముందే. ఆ ఒక్కటి సరిగ్గా పడితేనే లెక్క.

జంతువు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి, లేదా కొంచెం మనకు అవతలి వైపు తిరిగి ఉండాలి. ముందు కాలు వెనక, ఛాతీలో కింది మూడో వంతు మీద గురి. ఎదురుగా చూస్తుంటే వదలకండి. మధ్యలో వేలు లావు కొమ్మ ఉన్నా వదలకండి, బాణం పక్కకు తప్పుకుంటుంది. ఒక ప్రాణం తీస్తున్నాం. అది ఎక్కువసేపు బాధపడకుండా చూడటం మన బాధ్యత, అందుకోసం మాంసం దక్కకుండా పోతే పోయింది.

తగిలిన తర్వాత కదలకండి. అది ఏ చెట్టు పక్క నుంచి పోయిందో కళ్లతో గుర్తుపెట్టుకోండి. గడియారం చూసుకోండి. బాణం దొరికితే దాని మీద రక్తం చూడండి. గులాబీ రంగులో, నురగతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లండి. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, కొన్ని గంటలు ఆగాలి. పచ్చగా, కంపు కొడుతుంటే పేగులు. అప్పుడు ఆరు నుంచి పన్నెండు గంటలు దాని జోలికి వెళ్లకూడదు, తొందరపడి తరిమితే మైళ్లు పోతుంది. ఇక్కడ వాన రక్తాన్ని కడిగేస్తుంది కాబట్టి దొరికిన ప్రతి చుక్క దగ్గర టాయిలెట్ పేపర్ ముక్క కట్టండి. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కల వరసే అది పోయిన దిక్కు చెబుతుంది. పని అయ్యాక ఆ కాగితాలు ఏరుకుని రండి.

మాంసం బయటికి

ట్యాగ్ కోసి అంటించడం మొదటి పని. ఆ తర్వాత చర్మం త్వరగా తీయాలి, దాని కింద వేడి నిలిచిపోతే ఎముక దగ్గర మాంసం పులుస్తుంది. పొట్ట కోయకుండానే ముందు కాళ్లు, వెనక కాళ్లు, వీపు మాంసం విడదీసే పద్ధతి నేర్చుకోండి. గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, వాగు పక్క నీడలో కొమ్మకు వేలాడదీయండి. ఆడదో మగదో తెలిపే గుర్తు మాంసానికి అంటుకునే ఉండాలని చట్టం. నైరుతి వాషింగ్టన్‌లో ఎల్క్‌లకు గిట్టల జబ్బు ఉంది. అక్కడ వేటాడితే గిట్టలు అక్కడే వదిలేసి రావాలి.

పెద్ద మగదాని వెనక కాలు ఒక్కటే ముప్పై కిలోలు దాటవచ్చు. ఒక్కరే అయితే ఐదారు సార్లు లోయ ఎక్కి దిగాలి. అందుకే బాణం వదలకముందే ఇద్దరు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసి, పిలిస్తే వస్తామని మాట తీసుకుని ఉంచండి. మాకు మొదటిసారి దొరికినప్పుడు బాపట్ల అబ్బాయి ఒకడు ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, లాప్‌టాప్ బ్యాగు కారులో పడేసి, రాత్రి పదకొండింటి దాకా మోశాడు. అతనికి ఒక వెనక కాలు ఇచ్చాం.

వండేటప్పుడు మాంసం మీద ఉండే తెల్లటి పొర పూర్తిగా తీసేయండి, ఎల్క్‌లో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పట్టించండి. వీపు మాంసం పెనం మీద రెండు వైపులా వేయిస్తే చాలు, మెడ, కాలి మాంసం మాత్రం కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానివ్వాలి. ఇక రాష్ట్రానికి రిపోర్టు జనవరి 31 లోపు ఆన్‌లైన్లో పెట్టాలి. ఏమీ దొరకకపోయినా, అసలు వెళ్లకపోయినా సరే, ట్యాగ్ కొన్న ప్రతి ఒక్కరూ పెట్టాల్సిందే.